చెయ్యేసి చెప్పిన మాట

తలుపు అద్దం సగం వరకే దిగుతుంది. మా పాత బండ్ల షెడ్డులో ఉన్నప్పుడూ అంతే. ఆ సగంలోంచి సముద్రం గాలి వచ్చి ముఖానికి తగులుతుంటే, ఎండుచేపల వాసనా తడి తాళ్ల వాసనా సర్వి చెట్ల తోపు వాసనా అన్నీ కలిపి తెస్తుంటే, నాకు హాయిగానే ఉంది. ఈ మాట మాత్రం పైకి అనకూడదు. ఎందుకంటే అక్కడ, వలలు బాగుచేసుకునే పాక నీడలో, పాళెం పెద్ద చిన్నపోలయ్య గారి ఎదురుగా మా ఆయన ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. ఆయన కూర్చునే తీరు నాకు తెలుసు, చర్చి కమిటీ మీటింగులోనూ అంతే, ఎవరు లేవమంటే వాళ్ల కోసం లేవడానికి సిద్ధంగా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. నన్ను మాత్రం "మీరు ఎండలో ఎందుకమ్మా, బండిలో కూర్చోండి" అని చిన్నపోలయ్య గారే పంపించేశారు. ఏ బండి గురించి పంచాయితీయో ఆ బండిలోనే. సీటు కుట్టు ఊడిన చోట నేను కుట్టిన నల్ల దారం ఇంకా ఉంది, కాస్త వంకరగా వచ్చిందని ఆ రోజు విప్పి మళ్లీ కుట్టాను, ఇప్పుడు చూస్తే మళ్లీ కూడా వంకరే. మా ఆయన అమ్మే ప్రతి బండికీ అంటించే చిన్న సిలువ స్టిక్కరును వీళ్లు పీకేయకుండా ఉంచి, దాని పక్కన గంగమ్మ పటం అంటించుకున్నారు, అద్దం ముందు నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీశారు. ఇంతమంది కాపలా ఉన్నా ఈ పికప్ బండి, చేపల వేట నిషేధం ఎత్తేసిన వారంలోనే, మొదటిసారి నిండా ఐసూ చేపలూ వేసుకుని విడవలూరు దాటిందో లేదో పొగలు కక్కి నిలబడిపోయింది. చేపలన్నీ ఎండకు పాడయ్యాయి. ఆ మధ్యాహ్నమే చెంచమ్మ ఫోన్ చేసింది, బండి కొన్నది ఆమే, ఆమె భర్త చెంగయ్య పేరు మీద. ఫోనులో డబ్బు ఊసు ఎత్తలేదు. "సారు అబద్ధం చెప్పినాడు" అంది. "మీ దేవుడి ముందర చెప్పినాడు, మా అందరి ముందర చెప్పినాడు. ఇప్పుడు మా పెద్దల ముందరకొచ్చి మాట్లాడమనండి."

ఆ మాట ఈ పాళెంలో నిలబడిపోతే ఈ తీరం వెంట ఏ పాళెంవాళ్లూ ఇక మా షెడ్డుకు రారు. అది ఒక సంగతి, దాన్ని ఎలాగో తట్టుకోవచ్చు, కోవూరు చుట్టూ వరి పండించేవాళ్లున్నారు, వాళ్లకీ బండ్లు కావాలి. రెండో సంగతి ఈ ఉదయం బయలుదేరే ముందు ఆయన నాతో అన్న మాట. నా ఆలోచన దాని దాకా వెళ్లి, తాకబోయి, వెనక్కి వచ్చేస్తోంది, వచ్చి కాగితాన్ని పట్టుకుంటోంది. కాగితం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది, నాలుగు మడతలుగా కాదు, ఫైలు కవరులో చదునుగా, నేను కాగితాలను మడతపెట్టను. పెళ్లయిన కొత్తలో ఆయన అమ్మకం కాగితం రాసే పద్ధతి చూసి నేను నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి వెళ్లిపోయాను, "బండి బాగుంది, తీసుకున్నారు, వందనాలు" అని రాసేవారు, అమ్మకం కాగితంలో వందనాలు! బీకాంలో మాకు వ్యాపార చట్టం చెప్పిన మేడం హామీ అనే ఒక్క మాటను పట్టుకుని గంటసేపు తిప్పేవారు, దారం ఉండను విప్పినట్టు, మిగతా అమ్మాయిలు నిద్రపోయేవాళ్లు, నాకు మాత్రం అది సినిమాలా ఉండేది. ఆ చదువు ఎందుకూ కాకుండా పోతుందేమో అనుకుంటున్న రోజుల్లో ఈ కాగితం దొరికింది నాకు. "సదరు వాహనమును కొనుగోలుదారు స్వయముగా చూచుకొని, నడిపించి, తృప్తి చెంది, ఉన్నది ఉన్నట్టుగా తీసుకొనుచున్నారు. ఇకమీదట కలుగు ఏ మరమ్మతులకును అమ్మకందారు బాధ్యులు కారు." కొందరు ఆడవాళ్లకు తమ ఆవకాయ మీద ఎంత నమ్మకమో నాకు ఆ రెండు వాక్యాల మీద అంత నమ్మకం. ఒకసారి నరేంద్రబాబు అని, పాత కారు కొన్న ఆఫీసు ఉద్యోగి, ఏసీ చల్లగా రావడం లేదని మా గేటు ముందు గంతులేశాడు. నేను కాఫీ ఇచ్చి, కాగితం చేతికిచ్చి, వేలితో రెండో వాక్యం చూపించాను. ఆయన చదువుకున్నవాడు గనక చదివి, కాఫీ తాగి, "మీరు రాసిందేనా అమ్మా ఇది" అని వెళ్లిపోయాడు. ఆ రోజంతా నేను ఇల్లు ఎంత శుభ్రంగా తుడిచానో.

కానీ చెంచమ్మ చదువుకున్నవాళ్లలా పోట్లాడడం లేదు. ఆమె పోట్లాట కాగితంతో కాదు, ప్రార్థనతో. ఆయన బండి తాళాలు చేతికిచ్చేముందు బానెట్ మీద కుడిచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, కొన్నవాళ్ల పేర్లు పేరుపేరునా చెప్పి ప్రార్థన చేస్తారు, వాళ్లు ఏ దేవుణ్ని మొక్కేవాళ్లయినా సరే, వద్దన్నవాళ్లు ఇంతవరకూ లేరు, టోపీ పెట్టుకున్న సాయిబుగారొకాయన కూడా చేతులు పైకెత్తి నిలబడ్డాడు. అది మా అత్తగారు రెబెక్కమ్మ గారి అలవాటు, ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ఆమె చెయ్యి దాని మీద పడాల్సిందే, ప్రెషర్ కుక్కర్, మిక్సీ, ఆఖరికి గ్యాసు సిలిండర్, ప్రతి కొత్త సిలిండర్‌కీ. నేను కాపురానికి వచ్చినరోజు నా నెత్తి మీద కూడా అలాగే చెయ్యి పెట్టి, "ఏ లోపమూ లేని ఈ బిడ్డను" అన్నారు. అప్పుడు నేను కళ్లు తెరిచే ఉన్నాను, ఆమె చేతిగాజుల సందులోంచి మా ఆయన ముఖం కనిపించింది, ఆ మాట నిజమేనా అని ఆయన ఏమాత్రం పరీక్షించి చూడడం లేదు, తల్లి చెప్పింది గనక ఒప్పేసుకుని నవ్వుతున్నారు. నాకు అప్పటికే రెండు పళ్లు పుచ్చినవి, కోపం ఉంది, కందిపప్పు పడదు. ఆమె పోయాక ఆ మాటా ఆ రాగమూ ఆయనకు వచ్చాయి. ఏ లోపమూ లేని ఈ మోటార్ సైకిల్‌ను, ఏ లోపమూ లేని ఈ ట్రాక్టర్‌ను. లోపల టేబుల్ దగ్గర నేను ఏ హామీ లేదని రాస్తూ ఉంటాను, బయట ఆయన ఏ లోపమూ లేదని చెబుతూ ఉంటారు, మధ్యలో ఒక్క గోడే. చెప్పాను ఆయనకి, ఎన్నోసార్లు చెప్పాను, మీరు అనే మాటకూ నేను రాసే మాటకూ పొంతన లేదండీ, ఆ ఒక్క మాట తీసేసి ప్రార్థించండి అని. ఆయన అన్నం కలుపుతూ, "అమ్మ అట్టే అనేది గదా పుష్పా" అనేవారు.

తలుపు చప్పుడైంది. చెంచమ్మ డ్రైవరు వైపు నుంచి ఎక్కి స్టీరింగు ముందు కూర్చుంది, చేతిలో ఆకు మీద తాటిముంజలు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది, చేతుల మీద చేప పొలుసులు ఎండి మెరుస్తున్నాయి.

"ఏం మేడం, ఉడికిపోతా ఉండారా లోపల? మా బండి గూడా ఇట్టనే ఉడికింది."

"గాలి బాగానే వస్తోంది చెంచమ్మా."

"వస్తాది, వస్తాది. ఇంజనుకు వచ్చి ఉంటే బాగుండు ఆ గాలి. తినండి, తగువు తగువే. మీకు ఇంత దూరం వచ్చినాక తినేదానికి ఏం పెట్టలేదని రేపు మీరు ఇంకో కాగితం రాస్తారు."

నవ్వు వచ్చింది, ఆపుకోలేదు. ముంజ నోట్లో పెట్టుకుంటే నీళ్లు గడ్డం మీదికి కారాయి, కొంగుతో తుడుచుకున్నాను. కాగితం చూపించమంటావా అని అడిగాను, అడిగినందుకు కాస్త సిగ్గేసింది, తింటూ అడిగినందుకు.

"చూసినాను గదా. మా ఉష చదివి చెప్పింది, మా కోడలు, రెండు మార్లు చదివించినాను. బాగా రాసినారు, యాడా సందు లేదు. నేను కాగితాన్ని ఏమన్నా అన్నానా? కాగితం మీద సారు పెన్ను పెట్టినాడు. బండి మీద చెయ్యి పెట్టినాడు. ఏది పెద్దది, మీరే చెప్పండి."

నాకు అర్థం కాలేదని నా ముఖం చూసే తెలుసుకుంది. స్టీరింగు మీద తన చెయ్యి పరిచింది, నాకు పాఠం చెబుతున్నట్టు.

"మా కాడ పడవ అమ్మేటోడు పడవ ముక్కు మీద చెయ్యేస్తాడు మేడం. చెయ్యేసి ఉండేదంతా చెప్తాడు. ఈడ పలక మెత్తబడింది, ఈడ నీళ్లు కారతాది, ఇంజను పొద్దున్నే మొరాయిస్తాది, అని. చెయ్యి ఉన్నంతసేపే మాట. తీసినాక ఎంత చెప్పినా ఎవురూ ఇనరు. చెయ్యేసినోడు ఏ తప్పూ లేదన్నాడంటే, తరవాత తప్పు కనిపిస్తే పడవ ఎనక్కి. మా నాయన కాలం నుంచి ఇదే. సారు చెయ్యేసినాడు. కళ్లు గూడా మూసుకున్నాడు. ఏ లోపమూ లేని ఈ బండిని, అన్నాడు. నేను మా ఆయన్ని గిల్లినాను, ఇన్నావా, ఈ సారు మనోళ్ల మాదిరి మనిషి అని. ఇంకో షెడ్డులో ఇంకో బండి చూసినాము, అది దీనికంటే కొత్తది. ఈ చెయ్యిని చూసే దీన్ని తీసుకున్నాము."

"అది ప్రార్థన చెంచమ్మా. దేవుణ్ని అడుక్కోవడం, అంతే."

"కాపాడమని అడిగితే అడుక్కునేది. లోపం లేదని ఎవురికి చెప్పినాడు మరి? దేవుడికి తెలీదా బండి సంగతి?"

ఈ ప్రశ్న వింటే మా వ్యాపార చట్టం మేడం దీన్నీ ఇంకో గంటసేపు తిప్పేవారు. చెంచమ్మ మిగిలిన ముంజలు నా ఒళ్లో పెట్టి దిగిపోయింది, పాక దగ్గర తన కుర్చీలో కూర్చోకుండా కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఆమె పక్కన చెంగయ్య, మేం వచ్చినప్పటి నుంచీ ఇసుకలో కాలి బొటనవేలితో గీతలు గీసి చెరుపుతున్నాడు. ఎంత సులభమైన మనిషి చెంచమ్మ, ఎంత కష్టమైన మనిషి. వేట మొదలైంది, ఆమెకు చేపలు బజారుకు చేరాలి, బండి లేని ప్రతి రోజూ బేరగాడు ఒడ్డునే నిలబడి తనకు తోచిన ధర చెబుతాడు, ఆ బాధ ఉంది ఆమెకి. ఉన్నా గొడవ మాత్రం ఒక్క మాట కోసమే పడుతోంది. నేను ఆమె స్థానంలో ఉంటే ఏం రాసేదాన్ని? నాకు తెలియకుండానే నా తల లోపల ఒక వాక్యం తయారవుతోంది, నేను ఆలోచించే తీరే అది, ఏ చిక్కు వచ్చినా దానికి ఒక వాక్యం కుడతాను. "అమ్మకం సమయమున జరుపబడు ప్రార్థన, వాహన స్థితికి హామీగా పరిగణింపబడదు." కాదు, జరుపబడు బాగోలేదు, చేయబడు. "అమ్మకందారు పలుకు ఆశీర్వచనములకు అమ్మకందారు బాధ్యులు కారు." ఇది మరీ ఘోరంగా ఉంది. పైగా దీన్ని ఎప్పుడు చదివి వినిపించాలి? ఆయన చెయ్యి వేసే ముందా, తీసిన తరువాతా? ఆయన కళ్లు మూసుకుని ఉండగా నేను కొన్నవాళ్ల చెవి దగ్గర నిలబడి మెల్లగా, ఇదంతా నమ్మకండి, అని చదవాలా? నిజానికి ఇన్నేళ్లుగా నేను చేస్తున్నది అదే కదా, గోడకు ఇవతల నుంచి.

ఇక ఆ రెండో సంగతి. ఈ ఉదయం ఆయన షర్టు గుండీలు పెట్టుకుంటూ, అద్దంలోకి చూస్తూ, నాతో కాదు అద్దంతో అన్నట్టుగా, "ఇంక బండ్ల మీద ప్రార్థన మానేస్తాలే పుష్పా. నీ కాగితం చాలు" అన్నారు. ఇన్నేళ్లు నేను అడిగింది ఇదే. అడిగింది దొరికినప్పుడు మనిషికి ఎలా ఉండాలో అలా లేదు నాకు. ఇంట్లో రోజంతా తిరిగే ఫ్యాను ఆగినప్పుడే కదా అది అంతసేపూ తిరుగుతోందని తెలిసేది, అలా ఒక్కసారిగా ఇల్లు బోసిపోయింది. ఆ రాగం నాకు విసుగే, వంటింట్లోంచి వింటూ ఇక ఆమెన్ ఎప్పుడా అని చూసేదాన్ని. కానీ ఆ రాగంలో ఆయన కొన్నవాళ్ల పిల్లల పేర్లు చెబుతారు, ఎవరింట్లో ముసలమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయో చెబుతారు, బేరం మధ్యలో ఆ సంగతులు ఎప్పుడు కనుక్కుంటారో నాకు తెలియదు, బండి ఏ రోడ్డున తిరుగుతుందో ఆ రోడ్డు మలుపులు కూడా చెబుతారు, తండ్రీ, ఆ రొయ్యల గుంటల దగ్గర మలుపు ప్రమాదం. ఆ చెయ్యి లేకుండా ఆయన ఉత్త తాళాలు ఇచ్చే మనిషి అయిపోతారు. ఉత్త తాళాలిచ్చే మనుషులు హైవే పొడవునా ఉన్నారు. ఆయన్ని కాగితంలాగా మార్చడం కోసం కాదు నేను కాగితం రాసింది. ఆయన అలా ఉండగలగడం కోసం. ఈ మాట నాకే ఇప్పుడు, ముంజల నీళ్లతో వేళ్లు జిగురుగా ఉండగా, ఈ ఉడికిపోయిన బండిలో తోచింది. తోచిన వెంటనే మళ్లీ హాయిగా అనిపించింది. బయట సంగతులు ఏ మాత్రం బాగుపడలేదు, అయినా సరే. సముద్రం గాలి కూడా ఇంకాస్త చల్లబడింది, ఆరేసిన చేపల మీద కాకుల్ని తోలుతూ ఎవరో ముసలామె పాటలాగా తిడుతోంది.

పాక దగ్గర కుర్చీలు కదిలాయి. చిన్నపోలయ్య గారు లేచారు, గొంతు పెద్దది, నా దాకా స్పష్టంగా వినిపించింది.

"సుశీల్ కుమార్ గారూ, కాగితం సంగతి మాకొద్దు, అది మీ కోర్టులోళ్లు చూసుకుంటారు. మీరు చెయ్యేసినారని ఆ యమ్మి అంటా ఉంది. వేసినానని మీరూ అంటా ఉన్నారు. అయితే మళ్లీ వెయ్యండి. వేసి, ఉండేది ఉన్నట్టు చెప్పండి. దాన్ని బట్టి మేము మాట్లాడతాము."

అందరూ బండి వైపు వచ్చారు, ముందు ఆయన, వెనక పాళెం. ఆయన నాకు సరిగ్గా ఎదురుగా, ముందు అద్దానికి అవతల నిలబడ్డారు, నిమ్మకాయ ఆయన నుదుటి మీద వేలాడుతున్నట్టు కనిపించింది. బానెట్ మీద చెయ్యి పెట్టారు, ఎండకు కాలి ఉంటుంది, వేళ్లు ముడుచుకుని మళ్లీ పరిచారు. కళ్లు మూసుకున్నారు. "పరిశుద్ధుడవైన మా తండ్రీ" అన్నారు. అని ఆగిపోయారు. ఆయన ఆగిపోవడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రాగం నదిలాగా ఒకసారి మొదలైతే ఆమెన్ దాకా పోయేది. ఆయనకు ఆ ఒక్క మాటే వచ్చు, ఏ లోపమూ లేని అని, దాన్ని తీసేస్తే తరువాతి మాట ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. చెంచమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది. ఎవరో వెనక నుంచి "ఏంది, సారుకు దారి మరిచిపొయ్యిందా" అన్నారు. నేను దిగుదామని తలుపు తీయబోయాను, ఈ వైపు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. తెరుచుకోకపోతేనేం, పక్క అద్దం సగం దిగి ఉంది. ఆయనకు లోపాలు చెప్పడం రాదు. నాకు వచ్చు. తల సందులోకి పెట్టాను.

"బరువేసి చూడలేదు" అన్నాను.

ఆయన ఒక కన్ను తెరిచారు.

"చెప్పండి. పెన్నా బ్రిడ్జి దాకా ఖాళీగా నడిపి చూశాం. బరువేసి చూడలేదు."

కన్ను మూసుకుంది. "తండ్రీ" అన్నారు ఆయన, గొంతు సర్దుకుని, "ఈ బండిని మేము పెన్నా వంతెన దాకా ఖాళీగా నడిపినాము, బరువేసి చూడలేదు తండ్రీ." రాగం వచ్చేసింది. అదే రాగం. నేను వేలు మడిచి తరువాతిది చెప్పాను, రేడియేటర్‌కు పాత మాటు ఉంది, పాలవాళ్ల దగ్గర మనం కొన్నప్పుడే ఉంది. "రేడియేటర్‌కు మాటు ఉండాది ప్రభువా, మా చేతికి వచ్చినప్పుడే ఉండాది." నాలుగో గేరు ఒక్కోసారి గట్టిగా పడుతుంది. "నాలుగో గేరును నీవెరుగుదువు." అక్కడ ఎవరో కిసుక్కుమన్నారు. ఎడమ అద్దం సగమే దిగుతుంది, ఎడమ తలుపు లోపలి నుంచి రాదు. "ఎడమ తలుపు, తండ్రీ" అని ఆయన మొదలుపెట్టగానే చెంచమ్మ, "అద్దాలూ తలుపులూ మాకు తెలుసులే సారూ, దేవుడికి పనుంటాది, ముందుకు పోండి" అంది. నాకు గుర్తున్నవన్నీ అయిపోయాయి. ఆయన మాత్రం ఆగలేదు, నేను అందించనిది ఒకటి స్వయంగా అందుకున్నారు. "ఇన్ని లోపాలున్న ఈ బండిని, బరువేసి చూడకుండా ఏ లోపమూ లేదని నేను చెప్పినాను ప్రభువా. ఇంజను పని మేమే చేయించి ఇస్తాము." ఇది నా వాక్యం కాదు. నేనైతే సామాన్ల ఖర్చు వాళ్లది, కూలీ మాది అని రాసేదాన్ని, లేదా రెండింటికీ మధ్య ఒక కామా పెట్టి చూసేదాన్ని. ఆయన చెయ్యి ఇంకా బండి మీదే ఉంది. చెప్పిందంతా లెక్కలోకి వచ్చేసింది.

చిన్నపోలయ్య గారు తలాడించి ఏదో అనబోతుండగా చెంగయ్య ముందుకు వచ్చాడు. వచ్చి, మా ఆయన చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టాడు, నల్లగా, తాళ్ల ఒరుపుకు గరుకెక్కిన చెయ్యి. పెట్టి నేల చూశాడు.

"ఉప్పునీళ్లు పోసినాను" అన్నాడు.

"ఏంది?" అంది చెంచమ్మ.

"రేడేటర్లో. నీళ్లు తగ్గినప్పుడంతా. బిందె తీసుకుని ఊళ్లోకి యాడ పొయ్యేది, సముద్రం ఈడే ఉండాది గదా అని. మన పడవ ఇంజనుకు అవే గదా, ఏం కాదే."

చెంచమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓర్నాయనో! ఇన్నాళ్లు ఆ మాట నోట్లో పెట్టుకుని కూర్చున్నావా? నన్ను ఈ సారు మీదికి తోలి నువ్వు ఇసకలో ముగ్గులేస్తా ఉండావా?"

"నువ్వు నన్ను అడగలే గదా మే. సార్నే అడిగితివి."

"మళ్లీ నాకే చెప్తాడు సూడు!"

ముందు నవ్వింది చిన్నపోలయ్య గారు. ఆయన నవ్వడంతో పాళెమంతా నవ్వింది, కాకుల్ని తోలే ముసలామె కూడా అక్కడి నుంచే ఏమైందిరా అని అరిచింది. నవ్వుతూనే ఆయన తీర్పు చెప్పేశారు, ఎవరు చేసిన లోపం వాళ్ల నోటితోనే చెప్పుకున్నారు గనక పని ఇద్దరూ కలిసి చేయించాలని, బండి బాగయ్యేదాకా చెంచమ్మ చేపలు కోవూరుదాకా తేవడానికి మా షెడ్డులోంచి ఇంకో బండి ఇవ్వాలని. చెంచమ్మ అంతటితో ఊరుకోకుండా వచ్చి, తనూ చెయ్యి పెట్టింది, భర్త చెయ్యిని మోచేత్తో పక్కకు తోసి మరీ. "ఐసు మోయలేనంత ఎక్కించినాను, ఆ దినం. మొదటి వేట గదా, ఆశపడినాను. ఇది గూడా రాసుకోండి మేడం." నేను రాసుకోవడం లేదు. పెన్ను తీయాలని కూడా తోచలేదు. ఏ కాగితమూ ఇన్ని నిజాలు రాబట్టలేదు నాకు, నరేంద్రబాబు ఏసీ లోపల కూడా ఏదో ఇలాంటిదే ఉండే ఉంటుంది, మేమిద్దరం కాఫీ తాగుతూ దాని మీద నుంచి దాటుకుని వెళ్లిపోయాం.

మా ఆయన మాత్రం ఇంకా కళ్లు తెరవలేదు. ప్రార్థన మధ్యలో ఎంత గొడవ జరిగినా ఆమెన్ అనేదాకా తెరవరు, అది కూడా తల్లి అలవాటే. "ఇంకేమన్నా ఉందా పుష్పా?" అన్నారు, రాగం లేకుండా, ఇంట్లో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

లోపలి నుంచి వేసిన చెయ్యి లెక్కలోకి వస్తుందో రాదో నేను చెంచమ్మను అడగలేదు. జిగురు వేళ్లతోనే డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టాను, ఎండకు వెచ్చగా ఉంది.

"ఉంది" అన్నాను. "ప్రార్థన మానొద్దు."

ఆ మాటను ఆయన పైకి అనలేదు, తండ్రీ అని చేర్చలేదు. అద్దానికి అవతల ఆయన ముఖం మీద, మూసిన కళ్ల కింద, రెబెక్కమ్మ గారి గాజుల సందులోంచి నేను ఆ రోజు చూసిన నవ్వు కాదు అది, ఇంకో నవ్వు, నన్ను పరీక్షించి చూసి, ఒక్కొక్క లోపమూ తెలిసి నవ్విన నవ్వు వచ్చింది. అప్పుడు ఆమెన్ అన్నారు.